ఆఫీసు కంప్యూటర్లను రాత్రిపూట ఆన్‌లో ఉంచాలా, ఆపేయాలా? యంత్రం వారీగా తేల్చుకునే విధానం

పనివేళలు ముగిశాక కంప్యూటర్లను ఏం చేయాలన్న విషయంలో చాలా ఆఫీసుల్లో రాతపూర్వకమైన నియమం ఏదీ ఉండదు. కొందరు షట్‌డౌన్ చేసి వెళ్తారు, కొందరు మానిటర్ స్విచ్ నొక్కి కంప్యూటరే ఆగిపోయిందనుకుంటారు, మరికొందరు అప్‌డేట్ల కోసం ఆన్‌లో ఉంచమని ఐటీ విభాగం ఎప్పుడో పంపిన మెయిల్‌ను ఇప్పటికీ పాటిస్తుంటారు. ఈ మార్గదర్శి ఐటీ బాధ్యతలు చూసేవారి కోసం, అలాగే చిన్న సంస్థలో వేరే ఉద్యోగం చేస్తూనే ఆ బాధ్యత కూడా మోస్తున్నవారి కోసం రాసినది.

నా నిర్ణయసూత్రం ఒక్కటే. రాత్రి ఆన్‌లో ఉండాలంటే ఆ యంత్రానికి ఫలానా అని చెప్పగలిగే పని ఒకటి ఉండాలి. అలాంటి పనేదీ లేని యంత్రం స్లీప్‌లోకి వెళ్లాలి, లేదా షట్‌డౌన్ కావాలి. అయితే దీన్ని అమలు చేసే క్రమం సూత్రమంత ముఖ్యం. ముందు రాత్రి పనులేమిటో తేల్చుకోవాలి, తర్వాత అప్‌డేట్ల ఏర్పాటు చూడాలి, ఆ తర్వాతే విద్యుత్ సెట్టింగుల జోలికి వెళ్లాలి. ఈ క్రమం తారుమారైతే మొదటి వారంలోనే ఎవరిదో బ్యాకప్ ఆగిపోతుంది, ఇంకెవరో ఇంటి నుంచి తమ కంప్యూటర్‌లోకి రాలేకపోతారు, విధానం మొత్తం అటకెక్కుతుంది.

ముందుగా లెక్క

వారానికి 168 గంటలు. రోజుకు 9 గంటల చొప్పున 5 రోజులు పనిచేసే ఆఫీసులో, విరామాలన్నీ కలుపుకున్నా, మనుషులు ఉండేది 45 గంటలు. మిగిలిన 123 గంటలు, అంటే దాదాపు నాలుగింట మూడు వంతుల సమయం, కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్, మోడల్‌ను బట్టి, 20 వాట్ల నుంచి 80 వాట్ల దాకా తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన చిన్న డబ్బాలు తక్కువలో ఉంటాయి, పాత టవర్లు ఎక్కువలో ఉంటాయి. లెక్కకు 50 వాట్లు అనుకుంటే, ఆ 123 గంటలకు వారానికి 6 యూనిట్లకు పైగా, ఏడాదికి సుమారు 320 యూనిట్లు అవుతుంది. అలాంటి కంప్యూటర్లు 100 ఉంటే ఎవరూ లేని వేళల్లోనే 32,000 యూనిట్లు ఖర్చవుతాయి. పైగా కంప్యూటర్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది కాబట్టి, ఏసీ నడిచే చోట ఆ వేడిని బయటికి పంపే ఖర్చు అదనం.

ఇప్పుడు అదే కంప్యూటర్‌ను స్లీప్‌లో ఉంచామనుకుందాం. 3 వాట్ల చొప్పున ఏడాదికి సుమారు 19 యూనిట్లు. పూర్తిగా షట్‌డౌన్ చేసి ప్లగ్ మాత్రం ఉంచితే, 1 వాటు చొప్పున 6 యూనిట్ల పైచిలుకు. అంటే ఆన్‌లో వదిలేయడానికీ స్లీప్‌కూ మధ్య తేడా 300 యూనిట్లు. స్లీప్‌కూ షట్‌డౌన్‌కూ మధ్య తేడా 13 యూనిట్లు. షట్‌డౌన్ చేయలేదని ఉద్యోగులను మందలించే మేనేజర్లకు ఈ రెండు అంకెలు చూపించాలి. ఆదా అంతా ఆటోమేటిక్‌గా జరిగే స్లీప్‌లోనే ఉంది, దానికి ఎవరి క్రమశిక్షణపైనా ఆధారపడనక్కర్లేదు. షట్‌డౌన్‌కు వేరే కారణాలున్నాయి, అవి తర్వాత వస్తాయి.

మీ ఆఫీసు అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి, ప్లగ్‌కూ సాకెట్‌కూ మధ్య పెట్టే వాట్‌మీటర్ ఒకటి తెచ్చి, ప్రతి మోడల్ నుంచి ఒక్కో యంత్రాన్ని ఆన్‌లో, స్లీప్‌లో, షట్‌డౌన్‌లో కొలవండి. ఆన్ చేసేటప్పుడు బోలెడంత కరెంటు లాగుతుందని, అందువల్ల రాత్రంతా వదిలేయడమే నయమని ఎవరైనా అంటే అదే మీటర్ చూపించవచ్చు. బూట్ అవడానికి ఒక నిమిషం పాటు 100 వాట్లు తీసుకున్నా, అది 50 వాట్ల దగ్గర రెండు నిమిషాలు ఊరికే ఉన్నదానికి సమానం. స్క్రీన్ సేవర్ సంగతి కూడా ఇక్కడే ముగించవచ్చు. అది పాత సీఆర్‌టీ మానిటర్ల తెరపై ఒకే బొమ్మ మచ్చగా మిగిలిపోకుండా పుట్టిన ఏర్పాటు, కరెంటును అది ఏమాత్రం ఆదా చేయదు.

లాక్, స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్

ఈ మాటలను ఉద్యోగులు ఒకదానికొకటి వాడేస్తుంటారు కాబట్టి, విధానం రాసే ముందు తేడా స్పష్టంగా ఉండాలి. లాక్ చేస్తే తెర మాత్రమే మూసుకుంటుంది. కంప్యూటర్ యథాతథంగా నడుస్తూనే ఉంటుంది. స్లీప్‌లో ప్రాసెసర్, డిస్క్, ఫ్యాన్లు ఆగిపోయి మెమరీకి మాత్రం కరెంటు అందుతుంది. కొన్ని సెకన్లలో తిరిగి లేస్తుంది, కానీ మధ్యలో కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది. డెస్క్‌టాప్‌లలో ఉండే హైబ్రిడ్ స్లీప్ ఈ చిక్కును తప్పిస్తుంది, ఎందుకంటే అది మెమరీలోని సమాచారాన్ని డిస్క్ మీద కూడా రాసి పెడుతుంది. హైబర్నేట్‌లో అంతా డిస్క్‌లోకి చేరి కంప్యూటర్ ఆగిపోతుంది. కంప్యూటర్ విద్యుత్ స్థితులను నిర్వచిస్తూ ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణంలో స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్‌లకు వరుసగా ఎస్3, ఎస్4, ఎస్5 అని పేర్లు. బయోస్ (విండోస్ కన్నా ముందే కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) మెనూలో ఇప్పటికీ ఈ పేర్లే కనిపిస్తాయి.

షట్‌డౌన్ విషయంలో మాత్రం చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది అమలులో ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ నొక్కితే వినియోగదారుడి ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నెల్ (దాని మూలభాగం), డ్రైవర్ల స్థితి డిస్క్‌లో భద్రమై మరుసటి ఉదయం అదే తిరిగి మెమరీలోకి వస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద ఉన్న అప్ టైమ్ చూడండి. రోజూ సాయంత్రం బుద్ధిగా షట్‌డౌన్ చేసే ఉద్యోగి కంప్యూటర్‌లో కూడా అక్కడ వారాల లెక్క కనిపిస్తుంటుంది. రోజూ ఆపుతున్నా సిస్టమ్ ఎందుకు మందగిస్తోందన్న ఫిర్యాదుకు జవాబు చాలాసార్లు ఈ అంకెలోనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ మీటను నొక్కి ఉంచి షట్‌డౌన్ చేసినా అంతే. ఆఫీసు యంత్రాల్లో ఇప్పుడు దాదాపు అన్నీ తిరిగే భాగం లేని వేగవంతమైన డిస్కులు, అంటే ఎస్‌ఎస్‌డీలే కాబట్టి ఫాస్ట్ స్టార్టప్ వల్ల మిగిలేది కొద్ది సెకన్లే, అందువల్ల దాన్ని ఆపేయమనే నా సలహా.

మొదటి అడుగు: రాత్రి ఏ యంత్రం ఏం చేస్తోందో రాసుకోవడం

ఒక పట్టిక తయారు చేయండి. యంత్రం పేరు, అది ఉన్న చోటు, వాడేవారు, రాత్రి పని, ఆ పనికి బాధ్యులు అనే వరుసలు చాలు. సర్వర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు, రౌటర్లు, ఎన్‌ఏఎస్ పెట్టెలు (నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే పరికరాలు), సీసీ కెమెరాల రికార్డర్లు, తలుపుల ప్రవేశ వ్యవస్థ, ఐపీ ఫోన్లు ఆగకూడనివి అని వెంటనే గుర్తు పెట్టేయవచ్చు, వాటిపై చర్చ అనవసరం.

అసలు వెతకాల్సింది మామూలు డెస్క్‌టాప్ రూపంలో ఉంటూ చడీచప్పుడు లేకుండా సర్వర్ పని చేస్తున్నవాటిని. ఎవరి బల్ల కింద ఉన్న కంప్యూటర్‌లోనో ఉమ్మడి ఫోల్డర్ ఉంటుంది, ఒక యంత్రానికి యూఎస్‌బీతో తగిలించిన ప్రింటర్‌ను గది మొత్తం వాడుతుంటుంది, ఖరీదైన సాఫ్ట్‌వేర్ నడవాలంటే ఉండాల్సిన లైసెన్స్ డాంగిల్ (యూఎస్‌బీ ముక్క) ఇంకో యంత్రానికి గుచ్చి ఉంటుంది, అర్ధరాత్రి నివేదికలు తయారుచేసే స్క్రిప్టు ఒకటి ఎప్పుడో మానేసి వెళ్లిన ఉద్యోగి ఖాతాలో నడుస్తుంటుంది. వీటిని పట్టుకోవడానికి మూడు చోట్లు చూడాలి. టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి వేళలకు పెట్టిన పనులు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ కింద ఉండే సెషన్ల జాబితా. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లాగ్. లినక్స్ యంత్రాల్లో నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ పట్టికనూ, సిస్టమ్‌డీ టైమర్లనూ చూడాలి. రాత్రి షిఫ్టులో ఎవరైనా అవే కంప్యూటర్లను వాడతారా, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఎవరెవరు వస్తారు అన్నవి మాత్రం మనుషులను అడిగి తెలుసుకోవాల్సిందే.

రెండో అడుగు: పనులను తరలించడం

పట్టికలో తేలిన పనుల్లో చాలావాటికి రాత్రే జరగాల్సిన అవసరమేమీ ఉండదు. యాంటీవైరస్ పూర్తి స్కాన్‌ను మధ్యాహ్న భోజన సమయానికి మార్చవచ్చు. ఉమ్మడి ఫోల్డర్‌ను ఎన్‌ఏఎస్‌కో సర్వర్‌కో మార్చడం ఎలాగూ చేయాల్సిన పనే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పగలే కొద్దికొద్దిగా కాపీ తీసుకునే పద్ధతికి ఒప్పుకుంటే రాత్రి బ్యాకప్ అవసరమే పోతుంది.

రాత్రే జరగక తప్పని పని ఉన్నప్పటికీ దానికోసం 15 గంటలు ఆన్‌లో ఉంచనక్కర్లేదు. టాస్క్ షెడ్యూలర్‌లో ఆ పని లక్షణాలు తెరిచి, కండిషన్స్‌లో కంప్యూటర్‌ను మేల్కొలిపి పని నడపమనే గడిలో టిక్ పెడితే, స్లీప్‌లో ఉన్న యంత్రం ఆ వేళకు లేచి, పని ముగించుకుని, మళ్లీ స్లీప్‌లోకి వెళ్తుంది. పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్లకు అనుమతి ఉందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే ఈ టిక్ వల్ల ప్రయోజనం ఉండదు. సెట్టింగ్స్‌లో ఇంకో గడి ఉంటుంది: నిర్ణీత వేళ తప్పిపోతే వీలైనంత త్వరగా పని నడపమని. ఈ గడిని దాదాపు అన్ని పనులకూ పెట్టడం మంచిది. లినక్స్‌లో మామూలు క్రాన్ తప్పిపోయిన పనిని వదిలేస్తుంది, అనాక్రాన్ మాత్రం యంత్రం మళ్లీ ఆన్ అయ్యాక దాన్ని పూర్తి చేస్తుంది.

మూడో అడుగు: అప్‌డేట్లకు ఒక రాత్రి

కంప్యూటర్లను ఆన్‌లో ఉంచాలనేవారి వాదనల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. 2017 మే 12, శుక్రవారం నాడు వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాము) ఎవరూ దేన్నీ క్లిక్ చేయకుండానే ఒక విండోస్ యంత్రం నుంచి ఇంకోదానికి నెట్‌వర్క్ మీదుగా పాకుతూ ప్రపంచమంతా వ్యాపించింది. అది వాడుకున్న లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ అందని యంత్రాలు దొరికిపోయాయి. ఆ రోజు ఆగి ఉన్న యంత్రం ఆ పూటకు తప్పించుకుని ఉండవచ్చు, కానీ ఎప్పుడూ ఆపి ఉంచడం వల్లే అప్‌డేట్ వేసుకోలేకపోయిన యంత్రమైతే, ఆన్ చేసిన క్షణం నుంచి దానికి ముప్పు ఉన్నట్టే.

అందువల్ల అప్‌డేట్ల కోసం రోజూ రాత్రి ఆన్‌లో ఉంచడమూ సరికాదు, అసలు అవకాశమే ఇవ్వకపోవడమూ సరికాదు. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. ముందు కొద్ది యంత్రాల మీద వేసి ఒకటి రెండు రోజులు గమనించి, తర్వాత వారంలో ఒక నిర్ణీత రాత్రి మిగిలినవాటికి ఇచ్చి, రీస్టార్ట్ కూడా అదే రాత్రి జరిగేలా పెట్టండి. ఆ రాత్రి యంత్రాలు స్లీప్‌లో ఉండాలే తప్ప షట్‌డౌన్ కాకూడదన్న మాట ఉద్యోగులకు ముందురోజే చేరాలి. డౌన్‌లోడ్ అయి రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తున్న అప్‌డేట్ పూర్తయినట్టు కాదు. లాక్ చేసి వెళ్లిపోయే ఆఫీసుల్లో నెలల తరబడి ఇదే స్థితి నడుస్తుంటుంది. అప్‌డేట్‌తో పని లేకపోయినా వారానికొక రీస్టార్ట్ పెట్టుకుంటే, మెమరీని పట్టుకుని వదలని ప్రోగ్రాముల బెడద కూడా తగ్గుతుంది.

నాలుగో అడుగు: స్లీప్ సెట్టింగులు, స్లీప్ కాని యంత్రాలు

మానిటర్ 10 నిమిషాలకు ఆరిపోవడం, తెర లాక్ కావడం కూడా అంతలోపే జరగడం, కంప్యూటర్ 30 నిమిషాలకు స్లీప్‌లోకి వెళ్లడం అనేవి మొదలుపెట్టడానికి తగిన అంకెలు. విండోస్ యంత్రాలన్నీ ఒక సర్వర్ అదుపులో ఉండే డొమైన్ ఉన్న చోట, గ్రూప్ పాలసీ అనే ఉమ్మడి సెట్టింగులతో ఒకేసారి అందరికీ పంపవచ్చు. లేని చోట ఒక్కో యంత్రం దగ్గర కూర్చోవాల్సిందే. ఆపిల్ మ్యాక్ యంత్రాల్లో పీఎంసెట్ కమాండ్‌తో రోజువారీ వేళలు పెట్టవచ్చు.

సెట్టింగు పెట్టాక కూడా కొన్ని యంత్రాలు తెల్లవార్లూ మేలుకునే ఉంటాయి. అలాంటి యంత్రంలో అడ్మినిస్ట్రేటర్ హోదాతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కు స్లాష్ పెట్టి రిక్వెస్ట్స్ అని చేర్చి నడపండి. డిస్‌ప్లే, సిస్టమ్, ఎగ్జిక్యూషన్ వంటి శీర్షికల కింద, యంత్రాన్ని పడుకోనివ్వనిది ఎవరో పేరుతో సహా కనిపిస్తుంది. బ్రౌజర్ ట్యాబ్‌లో ఆడుతున్న వీడియో, శబ్దాన్ని వదలకుండా పట్టుకున్న ఆడియో డ్రైవర్ తరచుగా తగులుతాయి. ఎస్‌ఆర్‌వీనెట్ అనే డ్రైవర్ పేరు కనిపిస్తే మాత్రం శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే నెట్‌వర్క్‌లో ఇంకెవరో ఆ యంత్రంలోని ఫైలును వాడుతున్నారని దానర్థం. మొదటి అడుగులో మన కంటపడని ఉమ్మడి ఫోల్డర్ ఇక్కడ బయటపడుతుంది.

ఇందుకు విరుద్ధంగా, పడుకున్నది తనంతట తానే లేచిపోవడం ఇంకో సమస్య. అదే కమాండ్‌కు లాస్ట్‌వేక్ అని చేరిస్తే చివరిసారి ఏది లేపిందో చెబుతుంది. బల్ల కదిలితే చాలు లేపేసే ఆప్టికల్ మౌస్, నెట్‌వర్క్‌లో ఏ చిన్న కదలిక వచ్చినా లేచే నెట్‌వర్క్ కార్డు ప్రధాన నిందితులు. డివైస్ మేనేజర్‌లో మౌస్‌కు మేల్కొలిపే అనుమతి తీసేసి కీబోర్డుకు మాత్రం ఉంచండి. నెట్‌వర్క్ కార్డుకు మాత్రం మ్యాజిక్ ప్యాకెట్ (యంత్రాన్ని లేపడానికే పంపే సందేశం, దాని వివరం తర్వాతి అడుగులో) వస్తేనే లేవమనే గడి పెట్టండి.

ఐదో అడుగు: దూరం నుంచి పనిచేసేవారి కోసం

ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి వచ్చేవారు ఒకరిద్దరుంటే వారి యంత్రాలను ఆన్‌లో వదిలేసి ఊరుకోవడం తేలిక, అందులో తప్పు లేదు. పదుల సంఖ్యలో ఉంటే, పడుకున్న యంత్రాన్ని నెట్‌వర్క్ మీదుగా లేపే వేక్ ఆన్ లాన్ ఏర్పాటు చేయడం మేలు. మ్యాజిక్ ప్యాకెట్ అంటే ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వాటి వెనుక ఆ యంత్రం మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) 16 సార్లు, మొత్తం 102 బైట్ల చిన్న సందేశం. దీన్ని సాధారణంగా బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే నెట్‌వర్క్‌లోని అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపుతారు, రౌటర్లు బ్రాడ్‌కాస్ట్‌ను దాటనివ్వవు, కాబట్టి అదే నెట్‌వర్క్ లోపల ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక సర్వర్ నుంచి దాన్ని పంపించాలి. ఉద్యోగి వీపీఎన్‌తో (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షిత మార్గం) వచ్చి, ఆ సర్వర్‌లోని చిన్న పేజీలో తన యంత్రం పేరు నొక్కితే అది లేచే ఏర్పాటు అందరికీ సులభం.

బయోస్‌లోనూ, నెట్‌వర్క్ కార్డు లక్షణాల్లోనూ అనుమతి ఇవ్వాలి. ఫాస్ట్ స్టార్టప్‌తో షట్‌డౌన్ అయిన యంత్రాన్ని ఇలా లేపడాన్ని విండోస్ 10 సమర్థించదు. స్లీప్ నుంచి, హైబర్నేట్ నుంచి లేపడాన్ని సమర్థిస్తుంది. వెళ్లేటప్పుడు స్విచ్ బోర్డు ఆపేసే అలవాటున్న చోట ఇదేదీ పనిచేయదు. నడుస్తున్న కంప్యూటర్‌కు అలా కరెంటు తీయడం ఫైళ్లకు కూడా హాని.

ఆరో అడుగు: షట్‌డౌనే తప్పనిసరి అయ్యే సందర్భాలు

డిస్క్‌ను బిట్‌లాకర్ వంటి వాటితో ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళంచెవి లేనిదే చదవలేని సంకేతరూపంలోకి మార్చిన) యంత్రం ఆన్‌లో గానీ స్లీప్‌లో గానీ ఉన్నంతసేపు తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. కరెంటు తీసినంత మాత్రాన మెమరీ చిప్‌లలోని సమాచారం వెంటనే చెరిగిపోదని, చిప్‌లను చల్లబరిస్తే నిమిషాల పాటు నిలుస్తుందని, అందులోంచి తాళంచెవులను రాబట్టవచ్చని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చేసి చూపించారు. జీతాల వివరాలు, ఆరోగ్య రికార్డులు, ఖాతాదారుల సమాచారం ఉన్న కంప్యూటర్లు, బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌లు రాత్రికి హైబర్నేట్‌లోనో షట్‌డౌన్‌లోనో ఉండాలి. ల్యాప్‌టాప్‌కు ఇంకో కారణం కూడా ఉంది. కొత్త మోడళ్లలోని మోడర్న్ స్టాండ్‌బై పాత స్లీప్ లాంటిది కాదు. మూత వేసినా లోపల పనులు జరుగుతుంటాయి, సంచిలో పెట్టేస్తే వేడెక్కి తెల్లారేసరికి బ్యాటరీ అడుగంటవచ్చు.

వరుస సెలవులు వచ్చినప్పుడు అన్నిటినీ షట్‌డౌన్ చేయడమే సబబు. పిడుగుల భయం ఉంటే షట్‌డౌన్ కూడా సరిపోదు, ప్లగ్‌తో పాటు నెట్‌వర్క్ కేబుల్ కూడా ఊడదీయాలి. బయోస్‌లో, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలనే అంశం చూడండి. ఉద్యోగుల యంత్రాల్లో అది ఆన్ కమ్మని ఉంటే, అర్ధరాత్రి ఒక్కసారి కరెంటు పోయి వచ్చినా ఆఫీసు మొత్తం వెలుగుతుంది. సర్వర్లకు ఆన్, మిగిలినవాటికి ఆఫ్ అని పెట్టాలి.

రోజూ ఆపి, ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ పాడవుతుందన్న భయం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు సాధారణంగా 50,000 సార్లు ఆగి మొదలయ్యే సామర్థ్యాన్ని ప్రకటించేవారు; ఏడాదికి 250 పనిదినాల లెక్కన 20 ఏళ్లకు అయ్యేది 5,000 సార్లే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు.

ఏడో అడుగు: అమలు, తనిఖీ

ఒకే విభాగంతో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, తర్వాత మిగిలినవాటికి విస్తరించండి. ఉద్యోగులకు పంపే సూచన నాలుగు వాక్యాలు మించకూడదు: సాయంత్రం పని సేవ్ చేయండి, లాక్ చేసి వెళ్లండి, స్లీప్ సంగతి కంప్యూటరే చూసుకుంటుంది, సెలవులకు ముందు షట్‌డౌన్ చేయండి. సేవ్ చేయమన్న మాటను లావు అక్షరాల్లో పెట్టండి, ఎందుకంటే అప్‌డేట్ రాత్రి జరిగే రీస్టార్ట్‌లో పోయేది సేవ్ చేయని ఫైళ్లే, ఫిర్యాదులు కూడా వాటి గురించే వస్తాయి.

తనిఖీ కోసం రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున మూడుకు ఒకసారి అన్ని యంత్రాలకూ పింగ్ (ఆన్‌లో ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపి, జవాబిచ్చినవాటి పేర్లు రాసే చిన్న స్క్రిప్టును సర్వర్‌లో పెట్టండి. కొన్ని యంత్రాల్లో ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వనివ్వదు కాబట్టి, ముందుగా అందరూ పనిలో ఉండే వేళ ఒకసారి నడిపి అన్నీ పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి. రాత్రి జవాబిచ్చిన పేర్లను మొదటి అడుగులో రాసుకున్న పట్టికతో పోల్చండి. పట్టికలో పని ఉన్న యంత్రమైతే సరే. లేనిదైతే నాలుగో అడుగులోని కమాండ్‌తో కారణం పట్టుకోవాలి. మినహాయింపుల జాబితాలోని ప్రతి యంత్రానికీ బాధ్యుల పేరు, గడువు తేదీ ఉండాలి. గడువు తీరేసరికి ఎవరూ పొడిగించమని అడగకపోతే ఆ యంత్రం కూడా మిగతావాటిలాగే స్లీప్ సెట్టింగులోకి వస్తుంది.